దాపోలీ పింఛనుదార్లు

(మా పేటలో మాజీ సైనికుల సంఘం మొదలుపెట్టిన రోజున మాట్లాడిన మాటలు. అక్కడక్కడా సరిచేసి రాసిస్తున్నాను.)



సంఘం పెడుతున్నాం, వచ్చి నాలుగు మాటలు చెప్పరా అని సుబేదారు బాబాయి కబురు పెట్టాడు. ఈ సంఘం ఏం చేస్తుంది బాబాయ్ అనడిగాను. పింఛను బకాయిలు, ఆసుపత్రి కార్డులు, క్యాంటీన్ కార్డులు చూసుకుంటుంది అన్నాడు. అవి కావాల్సినవే. క్యాంటీన్ అనగానే వెనకాల కొందరు నవ్వుతున్నారు, ఎందుకో నాకు తెలుసు. రమ్ము సీసా సంగతి ఇవ్వాళ మాట్లాడను. కానీ మన జాతి పింఛనుదార్లు ఇంతకుముందు ఒకచోట సంఘం పెట్టి ఏం చేశారో ఒక కథ ఉంది. మీలో చాలామంది విని ఉండరు. అది చెప్పి కూర్చుంటాను.

మహారాష్ట్రలో సముద్రం పక్కన కొంకణం అని ఉంది. అక్కడ రత్నగిరి జిల్లాలో దాపోలీ అనే ఊరు. ఇంగ్లీషువాళ్ళు దండు దింపిన ఊరు కాబట్టి క్యాంప్ దాపోలీ అని కూడా అంటారు. నూట ముప్ఫై ఏళ్ళ కిందట బొంబాయి సైన్యం నుంచి పింఛను మీద దిగిన మహార్ సిపాయిలు, హవల్దార్లు, సుబేదార్లు ఆ ఊళ్ళో కాపురాలుండేవాళ్ళు. మహార్లంటే ఎవరో కాదు, మనలాంటి వాళ్ళే. ఊరి కావలి కాయడం, కబురు మొయ్యడం, చచ్చిన గొడ్డుని లాగెయ్యడం వాళ్ళ నెత్తిన రుద్దిన పని. మన వెట్టికి అన్నదమ్ముడు.

ఊళ్ళో మిగతా మహార్లకీ వీళ్ళకీ తేడా ఎక్కడొచ్చిందంటే, మొదటిది పింఛను. నెల తిరిగేసరికి సర్కారు డబ్బు చేతికొస్తే కాపుదనం చేసేవాడు గింజలు కొలవకపోయినా పొయ్యి వెలుగుతుంది. పొయ్యి వెలిగేవాడికి నోరు లేస్తుంది. రెండోది చదువు. కుంపిణీ సైన్యంలో సిపాయిలకీ వాళ్ళ పిల్లలకీ, ఆడపిల్లలతో సహా, చదువు తప్పనిసరిగా ఉండేదని అంబేద్కర్ గారే రాశారు. ఆయన నాన్న రాంజీ సక్పాల్ సుబేదార్ మేజరు, సైనికుల బళ్ళో పద్నాలుగేళ్ళు హెడ్మాస్టరు. మా వృత్తివాడు అని చెప్పుకోవడం నాకు గొప్ప. ఆయన కూడా కొలువు దిగాక కొంతకాలం దాపోలీలోనే కాపురం పెట్టాడు.

ఈ పింఛనుదార్లలో గోపాల్ బాబా వలంగ్‌కర్ అని ఒకాయన. మహాడ్ దగ్గర రావడుల్ ఆయన సొంతూరు. 1886లో సైన్యం నుంచి దిగాడు. జ్యోతిరావు ఫూలే ఆలోచనలు ఒంటబట్టించుకున్న మనిషి. ఫూలే అనుచరుల పత్రిక దీనబంధులో రాశాడు. 1888లో మైల, అంటు అనే మాటల మీద ఇరవై ఆరు ప్రశ్నలతో ఒక చిన్న పుస్తకం వేసి అగ్రవర్ణాల వాళ్ళ ముందు పెట్టాడు. విటాళ్ విధ్వంసక్ అని దాని పేరు. అంటుని నాశనం చేసేది అని అర్థం. సిపాయిగా చేసి దిగినవాడు బాపన పండితుణ్ణి ప్రశ్నలడిగాడు చూడండి! దాపోలీ కేంద్రంగా ఆయన పెట్టిన సంఘం పేరు అనార్య దోష పరిహార మండలి. మన దేశంలో అంటరానివాళ్ళు తమకు తాముగా పెట్టుకున్న తొలి సంఘాల్లో ఇదొకటి. దాని వెనక నిలబడింది రిటైరైన సైనికులు.

వాళ్ళు పట్టుకున్న పనుల్లో నాకు పెద్దగా కనబడేది బడి. 1890ల మొదట్లో దాపోలీ మునిసిపల్ బళ్ళో తమ పిల్లల్ని చేర్చుకోమని పింఛనుదార్లు అడిగారు. ఊరివాళ్ళు ఒప్పుకోలేదు. వీళ్ళు సర్కారుకి అర్జీ పెట్టారు. చివరికి పిల్లల్ని రానిచ్చారు గానీ లోపలికి కాదు, వరండాలోకి! వరండాలో కూర్చుని లోపల పంతులు చెప్పేది చెవులు రిక్కించుకుని వినాలి. కొంకణంలో వానంటే మామూలు వాన కాదు. వానాకాలంలో ఆ పిల్లలు పలకలు ఎలా కాపాడుకున్నారా అని ఆలోచిస్తే నాకు గుండె పట్టేస్తుంది. తండ్రులు ఊరుకోకుండా అర్జీల మీద అర్జీలు పెట్టారు.

ఇది నాకు పుస్తకంలో చదివిన కథ మాత్రమే కాదండీ. నేను మూడో తరగతిలో ఉండగా మా వరస గదిలో అందరికంటే వెనక. కుండలో నీళ్ళు మేం ముంచుకోకూడదు, ఎవరన్నా పైనుంచి పోస్తే దోసిట్లో తాగాలి. సెలవు మీద వచ్చిన మా పెదనాన్న హవల్దారు. సంగతి తెలిసి మర్నాడు యూనిఫాం వేసుకుని, మెడల్స్ పెట్టుకుని బడికొచ్చాడు. ఎవర్నీ ఒక్క మాట అనలేదు. వెనక వరసలో నా పక్కన నేలమీద కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. తర్వాత లేచి వెళ్ళి కుండలో గ్లాసు ముంచి తాగాడు, నాకిచ్చాడు. ఆ తర్వాత మమ్మల్ని ఎవరూ ఆపలేదు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. ఆ డిగ్రీలో సగం ఆయనది.

సరే, దాపోలీకి వద్దాం. వీళ్ళు బడి కోసం కొట్లాడుతుంటే ఇంకో తలుపు మూసుకుపోయింది. 1857 తర్వాత ఇంగ్లీషువాళ్ళు సైన్యంలో కులాల లెక్కలు మొదలెట్టారు. కొన్ని జాతులు పోరాడే జాతులు, మిగతావి పనికిరావు అన్నారు. ఈ సిద్ధాంతాన్ని భుజాన మోసినవాడు లార్డ్ రాబర్ట్స్. 1885 నుంచి 1893 దాకా ఇండియా సైన్యానికంతటికీ అధిపతి. అంతకుముందు నాలుగేళ్ళు మన మద్రాసు సైన్యానికే అధిపతి. దక్షిణాదివాళ్ళు పోరుకి పనికిరారని తేల్చిన పెద్దమనిషి ఈయనే. ఆ దెబ్బ మన తెలుగువాళ్ళకీ తగిలింది. 1890ల మొదట్లో మహార్లని చేర్చుకోవడం ఆపేశారు. వలంగ్‌కర్ 1894లో మమ్మల్ని మళ్ళీ చేర్చుకోండి అని అర్జీ రాశాడు. ఫలితం లేదు. 1910లో పూనాలో బట్లరు పని చేసే శివరాం జాన్బా కాంబ్లే మహార్ల సభ తరఫున లండన్లో ఉన్న భారత మంత్రికి ఇంకో అర్జీ పంపించాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషులు కావాల్సొచ్చి 1917లో 111వ మహార్ దళాన్ని లేపారు, అవసరం తీరాక 1921లో రద్దు చేశారు. చివరికి 1941 అక్టోబరులో బెల్గాంలో మహార్ రెజిమెంటు పుట్టింది. అప్పుడు అంబేద్కర్ గారు రక్షణ సలహా సంఘంలో ఉన్నారు.

వలంగ్‌కర్‌ని నెత్తిన పెట్టుకుని ఊరేగమని నేను చెప్పడం లేదు. సంఘం పేరులో అనార్యులు అన్నాడు, అర్జీలోకి వచ్చేసరికి మేం ఒకప్పుడు క్షత్రియులం, కరువులో చెడిపోయాం అన్నాడు. ఆ మాట నాకు నచ్చదు. క్షత్రియుడైతేనే మనిషా? ఇంగ్లీషు దొరకి సేవ చేశాం కాబట్టి హక్కులివ్వండి అనే వాదన కూడా కుంటిదే. దొరకి అవసరమున్నంత సేపే ఆ వాదన నడుస్తుంది, 1921లో అదే తేలింది. 1818 జనవరి 1న కోరేగాంలో పీష్వా సేన మీద పోరాడి చచ్చిపోయిన మహార్ల పేర్లు స్తంభం మీద చెక్కిన ఇంగ్లీషువాళ్ళే, వాళ్ళ మనవలకి తుపాకీ ఇవ్వం అన్నారు. కానీ ఆయన చేసిన పని అక్కడే ఉంది. 1895లో ఆయన్ని మహాడ్ తాలూకా బోర్డులో వేస్తే అగ్రవర్ణాల సభ్యులకి మింగుడు పడలేదు. 1900లో చనిపోయాడు.

అదే మహాడ్‌లో 1927 మార్చిలో అంబేద్కర్ గారు సభ పెట్టారు. 19వ తారీకున మాట్లాడుతూ దాపోలీ రోజుల్ని తలుచుకున్నారు. ఒకప్పుడు ఈ ప్రాంతంలో మనవాళ్ళు చదువులో ఎంత ముందుండేవాళ్ళో, సైన్యం తలుపు మూశాక ఎలా వెనక్కి పోయారో చెప్పారు. మర్నాడు చవదార్ చెరువుకి నడిచి వెళ్ళి నీళ్ళు ముట్టారు. ఆ కాలంలోనే పుట్టిన సమతా సైనిక్ దళ్‌కి కవాతు నేర్పినవాళ్ళలో పాత సైనికులున్నారు. వరండా దగ్గర మొదలైన నడక చెరువు దాకా వెళ్ళింది.

ఇవ్వాళ్టి సంగతి ఒకటి. 2022 జూన్‌లో అగ్నిపథ్ అని తెచ్చారు. నాలుగేళ్ళు కొలువు, నూటికి ఇరవై ఐదు మందిని ఉంచుకుని మిగతావాళ్ళని ఇంటికి పంపిస్తారు. ఒక మొత్తం చేతిలో పెడతారు, పింఛను ఉండదు. మన పేట నుంచి పోయే కుర్రాళ్ళు నాలుగేళ్ళకే తిరిగొస్తారు. దాపోలీ వాళ్ళ నోరు లేచింది పింఛను వల్ల అన్నానే, అది మన పిల్లలకి ఉండదు. అందుకని మీ సంఘంలో పింఛనుదార్లే ఉండాలని రాసుకోకండి. ఆ కుర్రాళ్ళకీ, చనిపోయిన జవాన్ల భార్యలకీ చోటివ్వండి. దాపోలీ కథలో ఆడవాళ్ళ పేర్లు ఎక్కడా వినబడవు. మనం అలా చెయ్యొద్దు.

ఇక మొదటి పని ఏంటని సుబేదారు బాబాయి అడిగాడు. మనం ఈ మీటింగు చింతచెట్టు కింద ఎందుకు పెట్టుకున్నాం? మన పేరు మీద కట్టిన కమ్యూనిటీ హాలు అదిగో అక్కడుంది. దాంట్లో ఎవరివో ఎరువు బస్తాలున్నాయి. తాళంచెవి పెద్దవీధిలో ఉంది. మన పిల్లలు సాయంత్రం దాని అరుగు మీద, వీధిదీపం కింద చదువుకుంటున్నారు. రేపు పొద్దున తొమ్మిదింటికి నేను అర్జీ రాసుకొస్తాను. మీరు మెడల్స్ పెట్టుకుని రండి. పెద్దవీధి దాకా వరసగా నడుద్దాం.

జై భీమ్.