డెబ్భై రెండో ఏట ఒక సర్టిఫికెట్
(బెల్లంపల్లిలో రిటైర్డ్ ఉద్యోగుల సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉపన్యాసకుణ్ణి కాను. 1979 నుంచి 2013 వరకు సింగరేణి బాయిల మీద పిట్ ఆఫీసుల్లో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. సర్దార్, ఓవర్‌మెన్ పరీక్షలకు వెళ్ళేవారు సెయింట్ జాన్ అంబులెన్స్ వారి ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్ చూపించాలని మీకందరికీ తెలుసు. అటువంటి నకళ్ళు ఎన్ని వందలు నా చేతి మీదుగా ఫైళ్ళలోకి వెళ్ళాయో లెక్కలేదు. ఫస్ట్ ఎయిడ్ గది నా కుర్చీకి ఇరవై అడుగుల దూరంలోనే ఉండేది. తలనొప్పి మాత్రకు తప్ప నేను ఆ గడప తొక్కలేదు. అది బాయి దిగేవాళ్ళ చదువు, మనకెందుకు అనుకున్నాను. ఆ చదువు ఈ ఏడాది, డెబ్భై రెండో ఏట, మొదటిసారి చదివాను. ఎందుకు చదివానో చెప్పడానికే అధ్యక్షులవారిని పది నిమిషాలు అడిగాను.

పోయిన చలికాలం. రోజూ లాగే తెల్లవారి నలుగురు మిత్రులం నడకకు బయలుదేరాం. మా నలుగురిలో ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్ ఉన్నది ఒక్కరికే. ఆయన రిటైర్డ్ ఓవర్‌మెన్. ఆ రోజు మాట్లాడుతూ మాట్లాడుతూ కుప్పకూలింది ఆయనే.

మిగతా ముగ్గురం ఏం చేశాం? ఒకరు ముఖాన నీళ్ళు చల్లారు. ఒకరు అరికాళ్ళు రుద్దారు. నేను తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆయన ఆగి ఆగి, గురక పెట్టినట్టుగా గాలి పీలుస్తున్నారు. “ఊపిరి ఆడుతున్నది, భయం లేదు” అన్నది నేనే. ఆ మాటతో అందరం కుదుటపడ్డాం. ఆటో దొరికి ఆసుపత్రికి చేరేసరికి ప్రాణం పోయిందన్నారు.

కొన్ని నెలల తరువాత మన ఊళ్ళో రెండు రోజుల ప్రథమ చికిత్స తరగతి పెడుతున్నారని తెలిసి పేరిచ్చాను. నా చుట్టూ అంతా మనవల వయసు పిల్లలు. నేర్పిన అమ్మాయి నర్సు. మొదటి ప్రశ్న అడిగింది: “పడిపోయిన మనిషి పిలిస్తే పలకడం లేదు. ఆగి ఆగి ఎగశ్వాస తీస్తున్నాడు. ఊపిరి ఉన్నట్టా, లేనట్టా?” అందరికంటే ముందు నేనే చెయ్యెత్తి, ఉన్నట్టే అన్నాను. “లేనట్టే లెక్క తాతగారూ. గుండె ఆగిన మొదటి నిమిషాల్లో చాలామందికి అట్లాగే వస్తుంది. అది చూసే జనం మోసపోతారు. వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి” అన్నది. ఎత్తిన చెయ్యి దించడానికి నాకు కొంతసేపు పట్టింది.

నొక్కి ఉంటే ఆయన బతికేవారా? ఆ సంగతి ఎవరూ చెప్పలేరు. నొక్కలేదన్నది మాత్రం నాకు తెలుసు.

ఇప్పుడు నేర్చుకున్నది చెబుతాను. భుజం తట్టి గట్టిగా పిలవాలి. పలకకపోతే, ఊపిరి మామూలుగా లేకపోతే, 108కి ఫోన్ చేసి స్పీకరులో పెట్టాలి. ఈ 108 మన రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలైంది, ఉమ్మడి రాష్ట్రంగా ఉన్నప్పుడు. మనిషిని మంచం మీద ఉంచి నొక్కితే మంచం ఊగుతుందే గాని గుండెకు అందదు. గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. రొమ్ము ఎముక కింది సగం మీద, ఛాతీ నడుమ, అరచేతి మడమ ఆనించి, దాని మీద రెండో చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా నొక్కాలి. లోతు 5 సెంటీమీటర్లకు తగ్గకూడదు, 6 దాటకూడదు. వేగం నిమిషానికి 100 నుంచి 120. ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. నోటితో ఊపిరి ఇవ్వడం నేర్చుకోనివాళ్ళు నొక్కడం ఒక్కటే ఆపకుండా చేయాలి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్ళు పోయరాదు.

ఈ పద్ధతి 1960లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ నుంచి లోకానికి వచ్చింది. దాన్ని వెలికితీసిన ముగ్గురిలో పెద్దాయన కౌవెన్‌హోవెన్ డాక్టరు కాదు, ఎలక్ట్రికల్ ఇంజినీరు. కాబట్టి గుమాస్తాలమైన మనం వెనుకాడనక్కరలేదు.

నా మోకాళ్ళ సంగతి మీకు తెలుసు. బొమ్మ పక్కన కూర్చోవడానికే ఇద్దరు పట్టుకోవలసి వచ్చింది. ఒకటిన్నర నిమిషానికే చేతులు వణికాయి. అందుకే రెండు నిమిషాలకొకసారి మనిషి మారాలని నేర్పారు. కింద కూర్చోలేనివారు ఫోన్ పట్టుకోవచ్చు, లెక్క పైకి చదవచ్చు, అంబులెన్సుకు దారి చూపించచ్చు. పని లేనివాడంటూ ఉండడు.

సర్టిఫికెట్ చేతికి వచ్చిన రోజు సాయంత్రం నేరుగా ఆ మిత్రుని ఇంటికి వెళ్ళాను. ఊపిరి ఉందని ఆనాడు నేనన్న మాట తప్పని ఆయన భార్యకు చెప్పాను. చాలాసేపు ఆమె ఏమీ అనలేదు. తరువాత, “మీకు తెల్వదు గదా అన్నా. తెలిసి చెయ్యకపోతె తప్పు” అన్నది. లేవబోతుంటే అడిగింది: “గా క్లాసు ఆడోళ్ళకు గూడ చెప్తరా?”

మిత్రులారా, మన వయసువాళ్ళకు గుండె ఆగితే పక్కన ఉండేది డాక్టరు కాదు. ఇంట్లో భార్యో, భర్తో, కోడలో, నడకలో తోడొచ్చిన మిత్రుడో. ప్రతి నవంబరులో మనం బతికి ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్నాం. పక్కవాణ్ణి బతికించుకునే ప్రయత్నానికి కూడా ఒక సర్టిఫికెట్ తీసుకుందాం. వచ్చే తరగతికి పేర్లు రాసుకునే కాగితం కార్యదర్శిగారి బల్ల మీద ఉంది. అందులో మొదటి పేరు ఆ చెల్లెమ్మదే. రెండో గీత ఖాళీగా ఉంది.