పాల లెక్కలో కాకతాళీయమెంత, కారణమెంత?

(ఉప్పల్, నాచారం ప్రాంత పాల సంఘాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘానికి పాలు పోసే ఇళ్ళలో తరచు వినిపించే మాట ఒకటున్నది. "నిన్న వెన్న 6.7 వచ్చింది, ఇవాళ 6.4 అంటున్నారు. అదే బర్రె, అదే మేత. మధ్యలో ఎవరో తిన్నారు." ఈ అనుమానం ముందు పరీక్షకునిపై పడుతుంది, తరువాత కార్యదర్శిపై పడుతుంది. చివరకు సభ్యుడు తన పాలు తీసుకుని ప్రైవేటు వర్తకుని గుమ్మం ఎక్కుతాడు. పాలు విరగడానికి కొన్ని గంటలు పడుతుంది. సంఘం విరగడానికి ఒక్క మాట చాలు. కనుక అనుమానాన్ని కూడా పాలవలెనే కొలిచి చూడాలని మా మనవి. అందుకు ఒక కొలపాత్ర ఉన్నది. దాని పేరు సంభావ్యత.

ఇది మనకు పరాయి విద్య కాదు. ఇక్కడికి దగ్గరలోనే హబ్సిగూడలో భారత గణాంక సంస్థ వారి నాణ్యతా నియంత్రణ విభాగం ఉన్నది. ఈ శాస్త్రంలో ప్రపంచమంతా గౌరవించిన సి. ఆర్. రావు గారు (1920–2023) ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివినవారే. ఇంకా వెనక్కు పోతే, ఛందస్సులో గురు లఘువులను లెక్కించే మేరు ప్రస్తారాన్ని 10వ శతాబ్దంలోనే హలాయుధుడు వివరించాడు. మన మొదటి లెక్కకు ఆ ప్రస్తారమే చాలు.

మన పెరటిలోని విషయంతోనే మొదలుపెడదాము. ఒక బర్రె నాలుగు ఈతలు ఈనింది. నాలుగూ మగదూడలే. "మా ఇంటికి అచ్చిరాలేదు" అని యజమాని దిగులుపడతాడు. మామూలు చూడిలో పెయ్య గాని, మగదూడ గాని పుట్టే అవకాశం ఇంచుమించు సమానం. మేరు ప్రస్తారంలో నాలుగింటి వరుస 1, 4, 6, 4, 1, మొత్తం 16. అనగా నాలుగూ మగవి కావడం 16లో 1 వంతు. రెండు పెయ్యలు, రెండు మగవి కావడం 16లో 6 వంతులు. నాలుగేసి ఈతలు ఈనిన బర్రెలు 160 ఉంటే, వాటిలో సుమారు 10 బర్రెలకు అన్నీ మగదూడలే కావడం సహజం. మరో 10 బర్రెలకు అన్నీ పెయ్యలే పుడతాయి. ఆ యజమానులలో ఎవరో ఒకరు తాను కట్టిన తాయెత్తు మహిమ అని చెప్పుకుంటారు! దీనిని ద్విపద విభాజనం అంటారు. ప్రతిసారీ రెండే ఫలితాలు ఉండాలి, అవకాశం మారకూడదు, ఒక దాని ఫలితం మరొక దానిపై ఆధారపడకూడదు. అప్పుడే ఈ లెక్క చెల్లుతుంది.

ఇక వెన్న సంగతి. ఒకే బర్రె పాలలో పూటపూటకు వెన్న మారుతుంది. మొదటి ధారలలో తక్కువ, చివరి ధారలలో ఎక్కువ. మూసీ ఒడ్డున కోసిన పచ్చి పారా గడ్డి మేసిన రోజు ఒక విధం, ఎండుమేత ఎక్కువైన రోజు మరొక విధం. అంతేకాదు, ఒకే నమూనాను ఒకే పరీక్షకుడు పలుమార్లు పరీక్షించినా అదే అంకె రాదు. బ్యుటిరోమీటరుపై ఒక్కొక్క చిన్న గీత 0.1 శాతం, కన్ను కొంచెం పైకో కిందికో జరిగితే చాలు, ఒక గీత తేడా వస్తుంది.

ఇట్టి చిన్న చిన్న తేడాలు అనేకం కలిసినప్పుడు అంకెలు సగటు చుట్టూ గంట ఆకారంలో పేరుకుంటాయి. దీనిని సామాన్య విభాజనం అంటారు. నమూనాలో నిజమైన వెన్న 6.5 అనీ, పరీక్షలో వచ్చే క్రమ విచలనం 0.1 అనీ అనుకుందాము. అప్పుడు 100 పరీక్షలలో సుమారు 68 ఫలితాలు 6.4కు, 6.6కు మధ్య ఉంటాయి. సుమారు 95 ఫలితాలు 6.3కు, 6.7కు మధ్య ఉంటాయి. 6.2కు, 6.8కు వెలుపల పడేవి 1000లో మూడే. కనుక ఒక్కరోజు 6.3 వచ్చిందని పరీక్షకుని చొక్కా పట్టుకోవడం న్యాయం కాదు.

అయితే, "అంతా కాకతాళీయమే" అని నోరు మూయించడమూ న్యాయం కాదు. ఒకే నమూనాను సంఘంలో ఒకసారి, శీతలీకరణ కేంద్రంలో ఒకసారి పరీక్షించారనుకుందాము. రెండు చోట్లా పని సక్రమంగా ఉంటే, కేంద్రం అంకె ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ రావాలి. సమానంగా వచ్చిన రోజులను వదిలి, తేడా వచ్చిన 10 రోజులు తీసుకోండి. మేరు ప్రస్తారంలో పదింటి వరుస మొత్తం 1024. పది రోజులూ తక్కువే రావడం అందులో 1 వంతు. తొమ్మిది గాని, పది గాని తక్కువ రావడం 11 వంతులు, అంటే నూటికి ఒకటి. ఎనిమిది లేక అంతకు మించి తక్కువ రావడం 56 వంతులు, అంటే నూటికి అయిదున్నర. ఎనిమిది వస్తే కన్నేసి ఉంచాలి. పది వస్తే తప్పక విచారించాలి.

విచారణ అంటే దొంగను వెతకడమే కాదు. లెక్క "ఏదో కారణమున్నది" అని మాత్రమే చెబుతుంది. "ఫలానా మనిషి" అని చెప్పదు. గెర్బర్ పద్ధతిలో ఆమ్లం 10 మిల్లీలీటర్లు, పాలు 10.75, అమైల్ ఆల్కహాలు 1 మిల్లీలీటరు సరిగా పడ్డాయా? 65 డిగ్రీల వేడి వద్దనే అంకె చదివారా? నమూనా తీసేముందు పాలను బాగా కలిపారా? మీగడ కట్టిన పాలను కలపకుండా అడుగునుండి తీస్తే, ఏ దొంగ లేకుండానే వెన్న తగ్గుతుంది. ముందు పరికరాన్ని, పద్ధతిని చూసి, ఆ తరువాతనే మనిషిని చూడాలి.

మూడవది పాయిజాన్ విభాజనం. అరుదుగా జరిగేవాటిని లెక్కించడానికి ఇది పనికివస్తుంది. 1898లో బోర్ట్‌కెవిచ్ అనే పండితుడు ప్రష్యా సైన్యంలో గుర్రం తన్ని మరణించినవారిని లెక్కించాడు. 10 దళాలకు 20 ఏళ్ళలో 122 మరణాలు. దళానికి ఏడాది చొప్పున చూస్తే 200 లెక్కలు వస్తాయి. వాటిలో 109 లెక్కలలో ఒక్క మరణమూ లేదు. సూత్రం ప్రకారం రావలసినదీ ఇంచుమించు 109యే. తన్నే పశువుకు కూడా సగటు తప్పలేదన్నమాట!

మన సంఘంలో నెలకు సగటున 2 క్యాన్లు పులుస్తాయనుకుందాము. 1ని 2.718తో రెండుసార్లు భాగిస్తే 0.135 వస్తుంది. అనగా ఒక్క క్యానూ పులియని నెలలు నూటికి 13.5. దీనిని 2తో హెచ్చించి 1తో భాగిస్తే ఒక క్యాను పులిసే నెలలు 27. దానిని మళ్ళీ 2తో హెచ్చించి 2తో భాగిస్తే రెండు క్యాన్లకూ 27. ఇట్లే మూడింటికి 18, నాలుగింటికి 9. మిగిలిన సుమారు 5 నెలలలో అయిదు గాని, అంతకు మించి గాని పులుస్తాయి. కనుక ఒక నెలలో అయిదు పులిసినంత మాత్రాన గగ్గోలు అక్కరలేదు. వరుసగా రెండు నెలలు అట్లా జరిగితే మాత్రం క్యాన్లు కడిగే నీటినీ, పాలు బయలుదేరే వేళనూ చూడాలి.

ఒక హెచ్చరిక. వరంగల్ రోడ్డు మీద వచ్చే పాలబండి ఎండవేళ ఉప్పల్ చౌరస్తాలో గంటసేపు ఇరుక్కుంటే ఒక్క క్యాను కాదు, బండెడు పాలు కలిసి పోతాయి. అక్కడ ఒక క్యాను కథ మరొక క్యానుతో ముడిపడి ఉన్నది. అట్టి చోట పాయిజాన్ లెక్క వాడకూడదు. కారణం కంటికే కనిపిస్తున్నది. బండి వేళ మార్చుకోవడమే దానికి మందు.

కనుక ప్రతి సంఘంలోనూ ఒక పుస్తకం పెట్టండి. తేదీ, సంఘం అంకె, కేంద్రం అంకె, పులిసిన క్యాన్ల సంఖ్య రాయండి. దానిని ఏ సభ్యుడు అడిగినా చూపండి. ఎన్ని రోజులు తక్కువ వస్తే విచారించాలో తగాదా రాకముందే సర్వసభ్య సమావేశంలో నిర్ణయించుకోండి. తగాదా వచ్చిన తరువాత గీసిన గీతను ఎవరూ నమ్మరు. అప్పుడు నిర్దోషి అయిన పరీక్షకునికి నింద తప్పుతుంది, నష్టపోతున్న సభ్యునికి నోరు వస్తుంది. ఈ రెండూ ఉన్నచోట సంఘం నిలుస్తుంది.