మొరాయించు గుఱ్ఱము

గుఱ్ఱము మొరాయించినదనగానే రౌతు చేయి కొరడా మీదికి పోవును. "ఇది మొండిఘటము" అని పక్కనున్నవారెవరో ఒక మాట అందురు. దానితో విచారణ ముగియును. పిదప ఆ గుఱ్ఱము చేతులు మారును. కొన్నవాడు నెల దినములు కొట్టి చూచి మఱియొకనికి చవుకగా అమ్మును. విశాఖ మన్యమున సంతకు సరకులు మోయు పొట్టి గుఱ్ఱమైనను, హైదరాబాదున పెండ్లికొడుకును మోయు తెల్ల గుఱ్ఱమైనను దాని గతి ఒక్కటియే. ఒకనాడు బాధ సైపలేక అది రౌతును పడద్రోయును. అప్పుడు విఱుగునది మనుష్యుని నడుము. నింద మాత్రము గుఱ్ఱమునకు.

నోరులేని ప్రాణి యనుచున్నాము గాని, అది చెప్పకపోలేదు. చెవులు వెనుకకు వాల్చుట, తోకను మాటిమాటికి విసరుట, నోరు తెఱచుట, ఒకే దిక్కునకు గ్రుడ్లప్పగించి చూచుట, అడుగు ముందునకు వేయక నిలిచిపోవుట, ఇవన్నియు దాని పలుకులే. ఇంగ్లండునందు స్యూ డైసన్ అను పశువైద్యురాలును ఆమె సహచరులును ఇట్టి చేష్టలను 24 ఏఱి, 2018లో ఒక పట్టికగా ప్రకటించిరి. స్వారి చేయునప్పుడు వానిలో 8 గాని అంతకు మించి గాని కనబడినచో ఆ గుఱ్ఱమునకు కీళ్ళలోనో కండరములలోనో నొప్పి యుండుట మిక్కిలి సంభవమని వారి నిర్ణయము. నాకు అంతకంటె ముఖ్యముగా తోచినది వేఱొకటి. నొప్పి యున్నచోటికి స్పర్శ తెలియకుండ మందు నెక్కించి మరల స్వారి చేసి చూచినచో ఆ చేష్టలు చాలవఱకు తగ్గిపోయెను. సూదిమందునకు మొండితనము లొంగునా?

కావున "ఎందుకు మొరాయించినది?" అని అడుగుటకు ముందు "ఎప్పుడు మొరాయించినది?" అని అడుగవలెను. జీనును చూచినంతనే ప్రక్కకు తొలగుచున్నదా? పొట్టక్రింది పట్టెడ బిగించునప్పుడు మెడ త్రిప్పి కఱవవచ్చుచున్నదా? రౌతు ఎక్కినంతనే వీపు క్రుంగదీయుచున్నదా? ఎక్కువఱకు నెమ్మదిగా నుండి, పగ్గము లాగినప్పుడే తల ఎగురవేయుచున్నదా? మెత్తని నేలపై బాగుగ నడచి, ఱాతిబాటపై మాత్రము నిలిచిపోవుచున్నదా? ఏ గడియలో ఎదురు తిరుగునో ఆ గడియయే మనలను నొప్పియున్న తావునకు కొనిపోవును. ఇటీవల ఏమి మాఱినదో కూడ అడుగవలెను. క్రొత్త జీనా, క్రొత్త లాడమా, క్రొత్త రౌతా?

తొట్టతొలుత జీనును పరీక్షింపుడు. గుఱ్ఱమును చదునైన నేలపై నిలిపి, క్రింద గుడ్డ వేయక, వట్టి వీపుపైననే జీను పెట్టి చూడవలెను. ముందుకాలు చాచునప్పుడు గుఱ్ఱపు భుజపుటెముక పై అంచు వెనుకకు జరుగును. జీను దానిపై కూర్చున్నచో ప్రతి యడుగునకును ఆ యెముక జీనును ఢీకొనుచుండును. వెనుకవైపున జీను కడపటి ప్రక్కటెముకను దాటరాదు. నడుమ వెన్నెముకకు ఎక్కడను తగులక గాలి యాడు సందుండవలెను. రౌతు ఎక్కిన పిదప కూడ ఆ సందు నిలిచియుండవలెను. లేకున్న ఆ జీను పనికిరాదు. అరచేతిని జీనుక్రింద మెల్లగ పోనిచ్చినచో ఒత్తిడి అంతట సమముగా తెలియవలెను. ముందును వెనుకను మాత్రమే ఆని నడుమ వంతెనవలె లేచియున్నచో బరువంతయు నాలుగు చోట్లనే పడును.

స్వారి ముగిసి జీను దింపినప్పుడు చెమట గుర్తును చూడుడు. చుట్టును తడిసి నడుమ ఒకచోట పొడిగా నున్నచో అక్కడ ఒత్తిడి మిక్కుటమై యుండవచ్చును. అసలు తగులకయే యుండనువచ్చును. అది తేల్చుటకు వ్రేళ్ళతో వెన్నెముకకు ఇరుప్రక్కల మెల్లగ నొక్కుచు పోవలెను. నొప్పియున్నచోట చర్మము అదరును, వీపు క్రిందికి జాఱును. జీను తావున నల్లని వెండ్రుకల నడుమ తెల్లని మచ్చలు మొలచియున్నచో అవి అదృష్టచిహ్నములు కావు, పాతగాయముల సంతకములు. పోయిన యేడు సరిపడిన జీను ఈ యేడు సరిపడకపోవచ్చును. గుఱ్ఱము బలిసినను చిక్కినను వీపు మాఱును, జీను మాఱదు.

తరువాత నోరు. గుఱ్ఱపు పైదౌడ క్రిందిదౌడకంటె వెడల్పు. మేత నమలునప్పుడు పైపండ్లు చెంపవైపునను, క్రిందిపండ్లు నాలుకవైపునను మొనదేలును. పగ్గము లాగినప్పుడు చెంప ఆ మొనల మీదికే ఒత్తుకొనును. ఇక ముళ్ళ కళ్ళెము సంగతి వేఱుగ చెప్పనేల? 1965 నాటి కేంద్ర నియమములు దానిని నిషేధించినవి. అయినను పెండ్లి ఊరేగింపులలో అక్కడక్కడ కనబడుచునే యున్నది.

కాళ్ళ విషయమున క్రొత్తవారు తఱచు పొరబడుదురు. చిన్న పరుగులో తల ఎప్పుడు దిగునో ఆ కాలే చెడినదని తలంతురు. నిజమునకు నొప్పిగల ముందుకాలు నేల తాకునప్పుడు తల పైకి లేచును. మంచికాలు తాకునప్పుడు దిగును. గిట్ట వేడిగా నున్నదా, లాడము మేకు లోపలి మెత్తని భాగమును తాకినదా, చూడవలెను.

పైకి ఏమియు కనబడనప్పుడు కడుపును మఱవరాదు. గుఱ్ఱపు జఠరమున పులిరసము మేత యున్నను లేకున్నను ఊరుచునే యుండును. గడ్డి లేక గంటలకొలది కట్టివేసి, దాణా మాత్రము పెట్టినచో పుండ్లు పుట్టును. పట్టెడ బిగించినప్పుడు కఱచుటకు అదియు ఒక కారణము కావచ్చును. వెన్నెముక ముళ్ళు ఒకదానినొకటి ఒరయు వ్యాధియు కలదు. అది ఎక్స్‌రే పటమున గాని తేలదు. ఈ రెండిటికిని వైద్యుని పిలువక తప్పదు.

అంతయు నొప్పియే యని నేననను. భయమును కలదు. బ్యూసెఫలస్ అను గుఱ్ఱమును 13 టాలెంట్ల వెలకు ఫిలిప్పు రాజునొద్దకు తెచ్చిరనియు, అది ఎవ్వరిని ఎక్కనీయకుండుటచే రాజు త్రిప్పి పంపబోయెననియు ప్లూటార్కు వ్రాసినాడు. బాలుడైన అలెగ్జాండరు అది తన నీడకే బెదరుచున్నదని కనిపెట్టి, దాని మొగము సూర్యునివైపు త్రిప్పి, నిమిరి, పిదప ఎక్కెను. తక్కినవారందఱు గుఱ్ఱమును చూచిరి. అతడొక్కడు గుఱ్ఱము చూచుచున్నదానిని చూచెను.

కారణము తొలగినను గుఱ్ఱము వెంటనే మాఱదు. జీనన్నచో నొప్పియని అది నేర్చుకొన్నది. నేర్చినది మఱచుటకు వ్యవధి కావలెను. గాయము పూర్తిగ మానువఱకు జీను పెట్టక చేతితో నడిపింపుడు. పిదప కొన్ని దినములు జీను పెట్టి, పట్టెడ వదులుగ కట్టి, పచ్చిగడ్డి చూపి, ఎక్కకయే దింపుడు. ఎక్కునాడు రికాబుపై బరువంతయు వ్రేలాడక, ఎత్తైన అరుగు ప్రక్కన నిలిపి మెల్లగ ఎక్కుడు. పది అడుగులు నడచినచో ఆ దినమునకు చాలును, దిగిపోవచ్చును.