వేకువ గలగల

సుక్మాలో పుష్యమాసపు వేకువను కారు స్టార్టు చేయగానే ఇంజను రెండు సెకండ్లు గలగలమని ఊరకుండును. ఊరకున్నది గదా యని మనము బయలుదేరుదుము. తరచు కారణమిది: రాత్రి నిలిచిన బండిలో నూనె అడుగునకు దిగును, నూనె ఒత్తిడితో బిగువుగా నుండవలసిన టైమింగు గొలుసు, ఆ ఒత్తిడి అందువరకు వదులై కొట్టుకొనును.

సాయంకాలము మెకానిక్కునకు చూపిన ప్రయోజనము లేదు, వేడి ఇంజను నోరు విప్పదు! రాత్రి బండిని అతనియొద్దనే యుంచి, ఉదయము అతనిచేతనే స్టార్టు చేయింపుడు. ముందు నూనె మట్టమును, రకమును, పిదప ఫిల్టరును చూడవలెను. ఇవి బాగుండియు శబ్దము నానాటికి పెరిగినచో గొలుసును బిగించు టెన్షనరును పరీక్షింపవలెను. గొలుసు పన్ను దాటినచో వాల్వులు పిస్టనులకు తగిలి వంగవచ్చును. రోగితో కొంటా మీదుగా భద్రాచలము పోవునపుడు అట్లు జరిగిన, దారిలో బాగుచేయు పని కాదది.