చిల్లర నాణేలను రద్దు చేయవచ్చునా?
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అర్ధరూపాయి, రూపాయి బిళ్ళలు ఇంకా అవసరమా అన్న విషయం మీద నన్ను మాట్లాడమన్నారు. ముప్పై ఏళ్ళకు పైగా బిల్లులు కూడిన గుమాస్తాను గనుక పైసల సంగతి నాకు అప్పగించి ఉంటారు.

1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చేనాటికి నేను బందరులో రెండో తరగతి. అంతవరకు రూపాయికి పదహారణాలు. కొత్త లెక్కలో అణాకు ఆరుంపావు నయాపైసలు రావాలి. పావు పైసను ఎక్కడినుంచి తెస్తారు? అందుకని ప్రభుత్వమే పట్టిక ఇచ్చింది. అణాకు 6, బేడకు 12, మూడణాలకు 19, పావలాకు 25. గమనించండి, రెండుచోట్ల తగ్గించారు, ఒకచోట పెంచారు. పైస ఎటు పోతుందో కాగితం మీద ఉండేది. అంగడివాడితో తగవు పడాలన్నా ఆధారం ఉండేది.

2011 జూన్ 30 నుంచి పావలా, అంతకు తక్కువ నాణేలు చెల్లకుండా పోయాయి. 29వ తేదీ వరకు బ్యాంకుల్లో మార్చుకోమన్నారు. గుడివాడలో ఉన్నవాడు సైకిలెక్కి బ్యాంకుకు పోగలడు. దివిసీమలో నాగాయలంక అవతల డబ్బాలో పైసలు దాచుకున్న ముసలమ్మ సంగతేమిటి?

అర్ధరూపాయిని మాత్రం ఎవరూ రద్దు చేయలేదు. చట్టప్రకారం పది రూపాయల మొత్తం వరకు నేటికీ అర్ధరూపాయలు చెల్లుతాయి. కోనేరు సెంటరులో ఇచ్చి చూడండి, మీ ముఖం వంక చూస్తారు. దాన్ని చంపింది గల్లాపెట్టె. పది రూపాయల బిళ్ళే దొంగదని పుకారు పుట్టి, 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు 14 నమూనాలూ చెల్లుతాయని ప్రకటించవలసి వచ్చిందంటే, ఇక అర్ధరూపాయి ఏపాటి!

తయారీ ఖర్చు ఎక్కువ గనుక తీసేయాలని కొందరి వాదన. నాకది సబబుగా తోచదు. బిళ్ళ ఒక్కసారి వాడి పారేసేది కాదు, ఏళ్ళ తరబడి చేతులు మారుతుంది. అయితే ఎల్లకాలం ఉంచాలనీ అనను. 2013లో కెనడావారు సెంటు పంపిణీ ఆపి, నగదు బిల్లు మొత్తం మీద ఒకటి రెండు సెంట్లుంటే కిందికి, మూడు నాలుగుంటే పైకి సరిచేయమన్నారు. ఒక్కొక్క వస్తువు మీద కాదు, మొత్తం మీద. మన 1957 పట్టికకు అది చుట్టమే.

మన దగ్గర జరుగుతున్నది వేరు. మొన్న ఒక మందుల షాపులో బిల్లు 187 రూపాయలు. రెండు వందలిచ్చాను. పదిరూపాయల నోటు, మూడు చాక్లెట్లు ఇచ్చారు. నాకు షుగరు! నా వెనకాల కుర్రవాడు సెల్ ఫోను చూపించి పైసలతో సహా సరిగ్గా కట్టి పోయాడు. అంటే సర్దుబాటు నష్టమంతా ఫోను లేనివాడి నెత్తిన పడుతోందన్నమాట. రేపు రూపాయి కూడా పోతే ఆ చాక్లెట్లు ఐదవుతాయి.

కాబట్టి నా మనవి. అర్ధరూపాయిని చట్టప్రకారమే తీసేయండి, అభ్యంతరం లేదు. కాని మార్చుకోవటానికి ఏడాది గడువివ్వాలి, పోస్టాఫీసుల్లోనూ తీసుకోవాలి. రూపాయిని ముట్టుకునే ముందు, పైకీ కిందికీ సరిచేసే పట్టికను ప్రతి దుకాణంలో తెలుగులో అంటించాలి. ఈ రెండు అంశాలతో తీర్మానం రాసి తెచ్చాను. కార్యవర్గం పరిశీలించి రిజర్వు బ్యాంకుకు పంపవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.