పాత అంబాసిడర్‌లో చల్లగాలి



మన సరిహద్దు జిల్లాల ఎండ సంగతి మీకు చెప్పనక్కరలేదు. బళ్లారి, రాయచూరు వైపు ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం మామూలే. ఆ ఎండలో పెద్దవాళ్లను ఆసుపత్రికో, పెళ్లికో తీసుకువెళ్లాలంటే ఇంట్లోని పాత అంబాసిడర్‌నే బయటికి తీసే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. సీటు ఎత్తుగా ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు సులువుగా ఎక్కి దిగుతారు. ఈ కారు తయారీ 2014లో ఆగిపోయింది. అయినా ఉన్న బండిని ప్రాణంగా చూసుకునేవారు చాలామంది. అలాంటి బండిలో ఏనాడో బిగించిన ఏ.సి. పనిచేయకపోతే ఏం చేయాలి? పాతదాన్నే బాగుచేయించాలా, తీసేసి కొత్తది పెట్టించాలా? ఈరోజు ఆ సంగతి మాట్లాడుకుందాం.

చల్లదనం తగ్గగానే మనం "గ్యాసు అయిపోయింది, పోయించాలి" అంటాం. కానీ ఏ.సి. గ్యాసు పెట్రోలులాగా ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లో అదే గ్యాసు మళ్లీ మళ్లీ తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో కారిందని అర్థం. పాత బండ్లలో రబ్బరు గొట్టాల గుండా, కంప్రెసరు సీలు గుండా కొద్దికొద్దిగా పోవడం సహజమే. ఆ కొద్ది తేడా తెలియడానికి ఏళ్లు పడుతుంది. పోయించిన గ్యాసు ఒక్క వేసవి కూడా నిలవకపోతే మాత్రం అది కారుడే. చిల్లి ఉన్న కుండలో ఎన్ని బిందెలు పోస్తే ఏం లాభం?

ఇది పనిచేసే తీరు మా తరగతి పిల్లలకు ఇలా చెబుతాను. ఇంజెక్షను వేసే ముందు నర్సమ్మ చేతికి స్పిరిట్ రాస్తే చల్లగా తగులుతుంది. స్పిరిట్ ఆవిరవుతూ చర్మంలోని వేడిని తీసుకుపోతుంది. తెలుగులో ఆవిరి అన్నా, కన్నడంలో ఆవి అన్నా సూత్రం ఒక్కటే. కారులో డాష్‌బోర్డు కింద ఉండే కూలింగ్ కాయిల్లో గ్యాసు ఆవిరవుతూ లోపలి వేడిని పీల్చుకుంటుంది. కంప్రెసరు ఆ ఆవిరిని నొక్కి ముందుకు పంపుతుంది. రేడియేటరు ముందున్న కండెన్సరులో అది వేడిని బయటి గాలికి వదిలి, మళ్లీ ద్రవమై వెనక్కి వస్తుంది.

కాబట్టి మొదటి పని కారే చోటు పట్టుకోవడం. గ్యాసుతో పాటు కొంచెం నూనె కూడా బయటికి వస్తుంది గనుక అతుకుల దగ్గర జిడ్డు మరక కనిపిస్తే అనుమానించండి. మెకానిక్కు గొట్టాల్లో నైట్రోజన్ ఎక్కించి సబ్బునీళ్లు రాస్తే బుడగలు లేస్తాయి. నైట్రోజన్ బదులు ఆక్సిజన్ మాత్రం ఎప్పుడూ ఎక్కించనివ్వకండి. లోపలి నూనెతో కలిసి అది పేలుతుంది. పాత గ్యాసు ఉన్న బండి దగ్గర బీడీ, మంట కూడా వద్దు. ఆ గ్యాసు మంటకు తగిలితే విషవాయువులు పుడతాయి.

ఆ పాత గ్యాసు పేరు ఆర్-12. అది గాలిలోకి పోతే పైన మనల్ని కాచే ఓజోను పొరను తినేస్తుంది. 1987లో మాంట్రియల్‌లో పలు దేశాలు కూర్చుని ఒప్పందం చేసుకున్నది అందుకే. మన దేశం 1992లో అందులో చేరింది. 2008 నాటికి, ఉబ్బసం రోగుల పీల్చే మందుకు తప్ప, ఇలాంటి గ్యాసుల తయారీ మన దగ్గర ఆగిపోయింది. కనుక పాత ఏ.సి.ని పాత గ్యాసుతోనే నడపాలన్న ఆశ వదులుకోవాలి. దాని స్థానంలో వచ్చింది ఆర్-134ఎ. ఇది ఓజోనుకు హాని చేయదు గానీ, భూమిని వేడెక్కించడంలో బరువుకు బరువు బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 1400 రెట్లు ఎక్కువ. పాతదైనా కొత్తదైనా గాలిలోకి వదలకుండా, యంత్రంతో సిలిండరులోకి లాగించమని అడగండి.

పాత గొట్టాల్లోకి నేరుగా కొత్త గ్యాసు పోస్తే సరిపోతుందా అంటే, సరిపోదు. పాత గ్యాసుతో వాడిన మినరల్ ఆయిల్ కొత్త గ్యాసులో కలవదు. నూనె తిరిగి కంప్రెసరుకు చేరదు. కొన్నాళ్లకు కంప్రెసరు బిగుసుకుపోతుంది. అందుకే పాత నూనెను కడిగించి, కొత్త గ్యాసుకు తగిన ఎస్టరు నూనె పోయించాలి. రబ్బరు ఓ-రింగులన్నీ మార్చాలి. తేమను పీల్చే డ్రయ్యరు తప్పకుండా కొత్తది వేయాలి. పాత రబ్బరు గొట్టాల బదులు లోపల నైలాను పొర ఉన్నవి వేయిస్తే గ్యాసు నిలుస్తుంది.

తరువాత కనీసం అరగంటైనా వాక్యూమ్ పట్టించాలి. లోపల గాలి లేకుండా చేస్తే దాగిన తేమ ఆవిరై బయటికి పోతుంది. తేమ మిగిలితే సన్నని వాల్వు దగ్గర మంచుగడ్డై దారి మూస్తుంది, లోహాన్ని కూడా తినేస్తుంది. పంపు ఆపాక ముల్లు కదలకుండా నిలవాలి. ముల్లు పైకి పాకితే ఇంకా చిల్లి ఉన్నట్టే. గ్యాసును అందాజుగా కాకుండా తూకం వేసి పోయించండి. పాత గ్యాసు ఎంత పట్టేదో అందులో నూటికి 80 నుంచి 90 పాళ్లు చాలు. ఎక్కువైతే చల్లదనం తగ్గి, కంప్రెసరుకు భారం పెరుగుతుంది.

మరి ఏది ఉంచాలి, ఏది మార్చాలి? డాష్‌బోర్డు కింది పెట్టె, దాని మీటలు బండి అందంలో భాగం. కాయిల్ కారకపోతే వాటిని ఉంచండి. కంప్రెసరు గట్టిగా శబ్దం చేస్తున్నా, సీలు కారుతున్నా ఖర్చుకు వెనుకాడక కొత్త రకం చిన్న కంప్రెసరు వేయించండి. కొత్త గ్యాసుకు మన ఎండలో ఒత్తిడి ఎక్కువ గనుక పాత కండెన్సరు చాలదు. పారలల్ ఫ్లో అనే కొత్త రకం కండెన్సరు, దాని ముందు ఒక ఎలక్ట్రిక్ ఫ్యాను పెట్టిస్తే బండి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కూడా చల్లదనం తగ్గదు. పాత బండిలో ఇంకా డైనమో ఉంటే ముందు ఆల్టర్నేటరు వేయించాలి. బ్లోవరు, ఫ్యాను, క్లచ్చి కలిసి లాగే కరెంటును డైనమో మోయలేదు. రేడియేటరు కూడా శుభ్రం చేయించండి. లేకపోతే మనుషులు చల్లబడేలోగా ఇంజను మరుగుతుంది.

ఖర్చు తక్కువని కొందరు వంటగ్యాసు నింపుతారు. చల్లబడుతుంది, నిజమే. కానీ ఆ కాయిల్ మీ కాళ్ల దగ్గరే ఉంది. అది కారితే మూసిన కారులో గ్యాసు నిండుతుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. అమ్మానాన్నల్ని కూర్చోబెట్టే బండిలో ఆ పని ఎవరు చెప్పినా చేయించకండి.

చివరగా, తక్కువ ఖర్చుతో అయ్యే పని ఒకటి. పెడళ్ల దగ్గర, వైర్లు దూరే కన్నాల దగ్గర ఇంజను వేడి లోపలికి రాకుండా మూయించండి. తలుపుల రబ్బర్లు మార్పించండి. పైకప్పు లోపల దళసరి ఫెల్టు వేయించండి. బయటి వేడి రాకపోతే చిన్న ఏ.సి. కూడా సరిపోతుంది.

మెకానిక్కు దగ్గరకు వెళ్లినప్పుడు "గ్యాసు ఎంత?" అని కాకుండా "ఎక్కడ కారుతోంది?" అని అడగండి. కారే చోటు చూపించగలిగినవాడికే బండి తాళం ఇవ్వండి.