ఒక గంట వినడం

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



బయట వరండాలో పాత ఫోటోలు పెట్టారు. 1989 పదో తరగతి బ్యాచ్ ఫోటోలో రెండో వరుసలో నా పక్కన నిలబడి నవ్వుతున్నవాడు ఇవాళ ఈ సభలో లేడు. మా బ్యాచ్ వాళ్లకు ఎవరో తెలుసు. పేరు చెప్పను.

1991లో వాడు ఇంటర్ తప్పాడు. ఆ సాయంత్రం నా దగ్గరికి వచ్చాడు. చెరువు గట్టు మీద గంటసేపు కూర్చున్నాం. ఆ గంటా నేనే మాట్లాడాను. మళ్లీ రాయొచ్చన్నాను, ఇంత చిన్నదానికే దిగులేమిటన్నాను, అమ్మానాన్నల గురించి ఆలోచించమన్నాను. వాడు తల ఊపుతూ విన్నాడు. అయిదు రోజులకు వాడు లేడన్న కబురు వచ్చింది.

నేను మరోలా మాట్లాడి ఉంటే బతికేవాడా? ఎవరూ చెప్పలేరు. ఏ ఒక్క కారణంతోనో ఎవరూ ప్రాణం తీసుకోరని తర్వాత తెలుసుకున్నాను. కానీ ఆ గంటలో వాణ్ని ఒక్క ప్రశ్న కూడా అడగలేదన్నది మాత్రం నిజం.

అందుకే కొన్నేళ్లుగా వారానికి నాలుగు గంటలు ఒక హెల్ప్‌లైన్‌లో వాలంటీరుగా ఫోను దగ్గర కూర్చుంటున్నాను. అక్కడ విన్నవేవీ ఇక్కడ చెప్పను. ఇంట్లో కూడా చెప్పను. అది మొదటి నియమం. నేర్చుకున్నవి మాత్రం చెబుతాను.

శిక్షణలో ముందుగా సలహాలు మాన్పించారు. 'నీకేం తక్కువ', 'నీకంటే కష్టాల్లో ఉన్నవాళ్లు లేరా' అన్న మాటలు నోట్లోంచి పోవడానికి నాకు నెలలు పట్టింది. రెండోది, సూటిగా అడగడం. 'చనిపోవాలన్న ఆలోచన వస్తోందా?' అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మనం భయపడతాం. అలా జరగదు. చాలామందికి ఆ ప్రశ్నతో గుండె బరువు దిగుతుంది. మూడోది, మౌనాన్ని భరించడం. అవతలి మనిషి ఏడుస్తుంటే ఫోను పట్టుకుని ఉండటమే పని. పెట్టేశాక ఆ మనిషి ఏమయ్యారో సాధారణంగా మనకు తెలియదు. ఆ తెలియకపోవడాన్ని కూడా మోయాలి.

ఈ పనికి పెద్ద చదువులు అక్కర్లేదని మొదట కనిపెట్టింది లండన్‌లో ఒక చర్చి ఫాదరు, చాద్ వారా. 1953లో ఆయన ఆత్మహత్య ఆలోచనలతో ఉన్నవారి కోసం ఒక టెలిఫోను పెట్టాడు. సాయానికి వచ్చిన వాలంటీర్లు, ఆయన కోసం ఎదురుచూసేవాళ్లకు టీ ఇచ్చి కబుర్లు చెప్పేవారు. చాలామందికి ఆ మాటలతోనే ఊరట కలిగేదట. అది గమనించి, కొద్ది నెలలకే వినే పనంతా ఆయన వాలంటీర్లకు అప్పగించాడు. అదే సమరిటన్స్ సంస్థ. మన దేశంలో 1986లో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ చెన్నైలో 'స్నేహ' ప్రారంభించారు. సికింద్రాబాద్‌లో 1997 నుంచి 'రోష్ని' పనిచేస్తోంది. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం 'టెలి మానస్' మొదలుపెట్టింది. నంబరు 14416. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

ఇక్కడున్న మాస్టార్లకు, టీచరమ్మలకు ఒక లెక్క చెప్పాలి. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో మన దేశంలో 13 వేల మందికి పైగా విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు పోయారు. ప్రతి ఒక్కరి పక్కనా నాలాంటి స్నేహితుడు ఒకడు ఉండే ఉంటాడు.

స్వర్ణోత్సవానికి ఆర్చి కడదామన్న ప్రతిపాదన విన్నాను. కట్టండి, నా వంతు చందా ఇస్తాను. దానితో పాటు మూడు పనులు చేద్దామని నా మనవి.

ఒకటి, 14416 నంబరును ప్రతి తరగతి గోడ మీదా, ప్రోగ్రెస్ కార్డు వెనుకా రాయిద్దాం. రెండు, ఫలితాలు వచ్చిన రోజు సాయంత్రమే, తప్పిన ప్రతి పిల్లవాడి ఇంటికీ ఉపాధ్యాయులో, మనలో ఒకరో వెళదాం. బోధించడానికి కాదు, 'ఎలా ఉన్నావురా' అని అడిగి వినడానికి. బెంగగా అనిపిస్తే ఒంటరిగా వదలకుండా ఇంటివాళ్లకు చెప్పి, అక్కడే కూర్చుని ఫోను కలిపిద్దాం. మూడు, వాలంటీర్లతో నడిచే హెల్ప్‌లైన్లకు సంఘం తరఫున నెల నెలా కొంత పంపుదాం. వినేవాళ్లు జీతం తీసుకోరు గానీ, గది అద్దె, ఫోను బిల్లు, శిక్షణ ఖర్చు తప్పవు. రిటైరై తీరిక ఉన్నవారు శిక్షణకు రండి. ఇంట్లో ఇటీవలే దుఃఖం కలిగినవారు మాత్రం కొంతకాలం ఆగండి. ముందు మీ మాట వినేవారు కావాలి.

ఈ సభలోనే ఎవరికైనా లోపల భారంగా ఉంటే, భోజనాల దగ్గర నా పక్కన కూర్చోండి. సలహా ఇవ్వనని మాట ఇస్తున్నాను.

ఈ బడి నాకు మాట్లాడటం నేర్పింది. వక్తృత్వంలో బహుమతి కూడా ఇచ్చింది. వినడం నేర్చుకోవడానికి నాకు చాలా ఆలస్యమైంది. మన పిల్లలకు అంత ఆలస్యం కాకూడదు.

సెలవు.